ఫోనులో నా సేతులు

నాకు సంతకం వొచ్చు. బస్సు బోర్డు మీద మా ఊరి పేరు పోల్చుకోడం వొచ్చు. అంతకుమించి అచ్చరం ముక్క రాదు. నేను సెప్తంటే మా కోడలు రాస్తన్నాది. "అత్తా, ఇలగ రాస్తే బాగోదు, కాసింత దిద్దుతాను" అంటాది. దిద్దకే అన్నాను. దిద్దితే అవి దాని మాటలైపోతాయి. నా మాటలు మరెక్కడికి పోవాల?

పని నేర్సుకునే పిల్లలారా, మరీ ముఖ్యంగా ఫోను సూసి సేతిపని నేర్సుకునే పిల్లలారా, ఇది మీకే. శృంగవరపుకోట దాటేక రోడ్డు పక్కన ఒక ట్రైనింగ్ సెంటరుంటాది, అందులో పదకొండేళ్లు నేను ఊడ్సాను, తుడిసాను, అందరికీ మంచినీళ్లిచ్చాను. కాయితాల్లో స్వీపరు. నా ఉజ్జోగమంతా ఒక ఎత్తు, అందులో ఒక్క రోజు ఒక ఎత్తు. ఆ రోజు సంగతి సెప్పాలంటే ముందు మా ఆయన సంగతి సెప్పాల.

మా ఆయనది మోటార్లు సుట్టే కొట్టు. పొలంలో నీళ్లు తోడే మోటారు కాలిపోతే లోపల రాగి తీగంతా మాడి బొగ్గైపోతాది. ఆ మాడిన తీగ పీకేసి కొత్త తీగ సుట్టాల. సదువుకున్నోళ్లు వైండింగ్ అంటారు. మోటారు విప్పితే ఇనప బాడీ తూములాగ గుండ్రంగా, నడిమిన ఖాళీగా ఉంటాది. మేం దాన్ని డొల్ల అనీవోళ్లం. డొల్ల లోపల సుట్టూ గాళ్లు, సన్నటి గంట్లలాంటివి, ఉంటాయి. ఆ గాళ్లలో తీగ సుట్టలు ఒకదాని తరవాత ఒకటి కూకోబెట్టుకుంటూ పోవాల. సివరికి మూడు తీగలు బయటికొస్తాయి. వాటికే కరెంటు ఇస్తారు. ఈ పాటి తెలిస్తే సాలు, మిగతాది మీ సారు సెప్తాడు.

కొట్టంటే కొట్టు కాదది, గోడకీ గోడకీ మజ్జిన సందు. అడ్డంగా ఒక బల్ల. బల్లకి అవతల ఆయన, వీపు గోడకి ఆనించుకుని. పక్కన పిల్లి కూకోడానికి కూడా సోటు లేదు. నేను అన్నం కేరేజీ పట్టుకెల్తే గుమ్మం పక్క, ఆయనకి ఎదురుగా కూకునేదాన్ని. మా ఇద్దరి నడిమిన డొల్ల. ఆ డొల్లలోంచి ఆయన మొకం గుండ్రంగా కనపడేది, అరిసిలాగ.

"ఒసే, ఊరికే కూకునే బదులు ఈ తీగ కొస పట్టుకో" అనీవోడు. పట్టుకున్నాను. తరవాత "ఈ సుట్ట నువ్వు పెట్టు" అన్నాడు. పెట్టాను. అలగలగ ఏడాది తిరిగేసరికి పని నా సేతికొచ్చింది. ఒక్కొక్క సుట్ట గాడిలో పెట్టి ఆయన ఎదురుబొంగు పుల్లతో రెండు దెబ్బలు కొట్టీవోడు. టక్కు, టక్కు. "కూకో" అనీవోడు తీగతో, మనిషితో అన్నట్టు. నాకూ అదే అలవాటైనాది.

నేను ఒంటిగా సుట్టిన మొదటి మోటారు ఎనక్కి తిరిగింది. మోటారు ఎనక్కి తిరిగితే పంపు గర్రుమంటాది గానీ నీళ్లు సరిగ్గా ఎత్తదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఎదురుగా కూకుని నేర్సుకున్నావు కదేటి! నేను కుడి పక్కకి నడిపింది నీకు ఎడం పక్కకి కనపడింది. అలగే నేర్సుకున్నావు."

"అయితే ఏటి మావా, మళ్లీ మొదట్నుంచి నేర్సుకోవాలా?"

"ఎందుకే? ఎటు నడిపినా తప్పు లేదు. ఆఖర్న మూడు తీగలొస్తాయి సూడు, వాటిల్లో ఒకటోదీ మూడోదీ మార్సీ. సుట్టంగా, తిరగాల్సినేపే తిరుగుతాది."

అప్పట్నుంచి ప్రతి మోటారుకీ ఆఖర్న ఆ రెండు తీగలూ మార్సి ముడేసేదాన్ని. ఆ ముడి సేతికి అలవాటైపోనాది. నోటికి అలవాటవలేదు. ఈ మాట గుర్తెట్టుకోండి.

ఆయన పోయిన రోజు బల్ల మీద ఒక మోటారు సగం సుట్టి ఉన్నాది. టీ తాగొస్తానని లెగిసినోడు గుమ్మంలోనే కూలిపోయాడు. పన్నెండో రోజు కార్యమయ్యేక ఆ సగం నేను సుట్టి ఆ రైతుకి ఇచ్చాను. అదే ఆ కొట్టులో ఆఖరు మోటారు. తరవాత ఎవరూ తేలేదు. "ఆయనుంటే ఇచ్చీవోళ్లం గానీ" అని నసిగీవోళ్లు. ఆయన కట్టేడనుకున్న మోటార్లలో సగం నేనే కట్టేనని వాళ్లకి తెలీదు. నేనూ సెప్పలేదు. ఎవరో మాట సాయం సేస్తే సెంటర్లో సీపురు పట్టుకున్నాను.

సెంటర్లో మోటార్ల క్లాసుకి ఒక సారుండీవోడు. కుర్రాడు, మంచోడు, పుస్తకమంతా నోటికి వొచ్చు. సెయ్యి మాత్రం తిరగలేదు. ఒకరోజు నేను గుమ్మంలో ఊడుస్తంటే ఆయన తీగ లాగుతున్నాడు, లాగినప్పుడల్లా తీగ మీద పూత లేసిపోతన్నాది. సూసి సూసి ఉండబట్టలేకపోయాను.

"బాబూ, అలగ లాగితే తీగ తోలు లేసిపోతాది. రేపు కరెంటిచ్చీసరికి మాడిపోతాది."

ఆయన తలెత్తి సూశాడు. పిల్లలు కిసకిసా నవ్వారు.

"నీకు వచ్చా అమ్మా?"

"మా ఆయనకి వొచ్చు బాబూ."

"ఆయన్ని పిలుస్తావా?"

"పిలిస్తే వొచ్చే సోట లేడు. నేనే సెయ్యాల."

సీపురు గోడకి ఆనించి, సేతులు కడుక్కుని కూకున్నాను. మజ్జానం దాకా ఆ బాబు లెగలేదు. ఆ మరసటి రోజు నుంచీ ఊడ్సడం బేగి ముగించి ఆ బల్ల దగ్గరికే ఎల్లేదాన్ని. పుస్తకం ఆయన సెప్పీవోడు, సెయ్యి నేను సూపించేదాన్ని. ఆఖరి ముడి మాత్రం పిల్లల్ని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. బయటి తీగ తెంపుకుంటే మూడు రోజుల పనీ బూడిద. అందుకని నేనే ఏసేదాన్ని. ఎందుకలగ ఏస్తన్నానో ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

అలగుండగా పైనుంచి ఆర్డరొచ్చింది. పాఠాలన్నీ ఫోనులోకి రావాలంట. పిల్లలు ఇంటి దగ్గర ఫోనులో సూసుకుని, శుక్రవారం శనివారం మాత్రం సెంటర్‌కొచ్చి సేత్తో సేసుకోవాలంట. మా ప్రిన్సిపాల్ మేడమ్ అందర్నీ కూకోబెట్టి సెప్పింది. రోజూ రాలేని పిల్లలు, కొండ కింద ఊళ్లోళ్లు, ఆడపిల్లలు కూడా నేర్సుకోవొచ్చంది.

మా స్టోర్ కీపరు ఎనకాల కూకుని నాతో గొణిగాడు. ఆయన నాకంటే పెద్దోడే, అయినా నన్ను అప్పా, అంటే అక్కా, అనీవోడు. నోరు మాత్రం మిరపకాయ.

"ఇన్నావా అప్పా? ఫోనులో సూసి ఈత నేర్సుకుని ఏట్లో దూకుతారంట."

"దూకితే నువ్వే తీద్దువు గాని, ఊరుకో."

"నేను తియ్యను. నేను కూడా ఫోనులోనే సూస్తాను."

సారు దిగులుపడ్డాడు. సేతిపనిని ఫోనులో ఎలగ ఎక్కించడం? రెండు రోజులు ఆలోచించి నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, నీ చేతులు వీడియో తీస్తాను. మాటలు నేను చెప్తాను. ముఖం మాత్రం రాకూడదు. కాగితాల్లో నువ్వు స్వీపరువి. పాఠం చెప్పేవాళ్లకి సర్టిఫికెట్ ఉండాలి. ఎవరికైనా తెలిస్తే నీకూ నాకూ ఉద్యోగం ఉండదు."

"మొకంతో పనేటి బాబూ, మోటారు సుట్టేది సేతులే కదా" అన్నాను.

నా కుడి బుజం మీదుగా ఫోను స్టాండు పెట్టాడు. నేను సూసినట్టే సూసీవోళ్లకి కూడా కనపడాలంట. నా సేతులకి గాజుల్లేవు, సప్పుడు రాదు, దీనికైనా పనికొచ్చిందిలే అనుకున్నాను. మూడు రోజులు తీశాడు. డొల్ల శుభ్రం సేసిన కాణ్నుంచి ఆఖరి ముడి దాకా అన్నీ సేశాను. ముడి దగ్గర నా సెయ్యి దానంతట అదే ఒకటో తీగనీ మూడో తీగనీ మార్సి కట్టింది. నోరు మాత్రం మూసుకునే ఉన్నాది.

వారమయ్యేక సారొచ్చి, "చాలా బాగా వచ్చిందమ్మా. కాకపోతే పొడుగైపోయింది. పిల్లలు అంతసేపు చూడరంటున్నారు మేడమ్. చివర తీగలు కట్టడం కోసేశాను. ముడెయ్యడం ఎవరికైనా వచ్చు కదా" అన్నాడు.

"మీ ఇష్టం బాబూ."

సూడండి, ఒకే ఒక్క మాట. అక్కడ నేను "అది ముడి కాదు బాబూ, అందులో ఒక మార్పున్నాది" అని ఉంటే ఈ కథే లేదు. నాకు తోచలేదు. మనకి బాగా వొచ్చిన పనిలో మనకి కనపడని సోటు ఒకటుంటాది. అక్కడే ఎదుటోడు పడిపోతాడు.

కొన్నాళ్లకి ఒక శనివారం పని ముగించుకుని కోట బస్టాండులో కూకున్నాను. నా పక్కన ఒక పిల్ల. సన్నంగా, సేలో కందిపుల్లలాగ ఉన్నాది. ఫోను పట్టుకుని కదలకుండా సూస్తన్నాది. సినిమా గావాల అనుకుని నేనూ ఓరగా సూశాను.

నా సేతులు!

సిటికినేలు వంకర, ఎప్పుడో కాలిన మచ్చ, అరిగిపోయిన గోళ్లు. అన్నీ నాయే. అవి నా ఒళ్లో ఉన్నాయి, మళ్లీ ఆ అద్దం లోపలా ఉన్నాయి. ఒళ్లోవి సల్లగా పడున్నాయి, లోపలివి పని సేస్తన్నాయి. నేను ఇక్కడ బస్సు కోసం కూకుంటే నా సేతులు నాకు సెప్పకుండా పనికెల్లిపోయాయి! ఎన్ని ఊళ్లలో ఇలగే సుడతన్నాయో, ఎవరెవరింట్లో టక్కు టక్కుమంటన్నాయో. సారు గొంతు పాఠం సెప్తన్నాది. ఆ గొంతు కింద నా ఎదురు పుల్ల సప్పుడు సన్నగా ఇనపడతన్నాది. సూస్తన్నంతసేపూ ఆ పిల్ల ఏళ్లు కూడా ఫోను మీద ఒకలాంటి ఊపుతో కదుల్తన్నాయి.

"ఏటి సూస్తన్నావే అమ్మీ?" అన్నాను, ఏమీ తెలీనట్టు.

"మోటారు పాఠం అమ్మా. మా ఊళ్లో సిగ్నలుండదు. ఇక్కడికొచ్చినప్పుడు ఎక్కించుకుని ఇంటికాడ సూసుకుంటాను. మా అమ్మ మంచం మీదున్నాది, రోజూ రాలేను. మా ఊరి రైతులు, నువ్వు పాసై రా, మా మోటార్లన్నీ నీకే ఇస్తామన్నారు."

"ఫోనులో సూస్తే వొస్తాదేటే ఆ పని?"

"సారు మాటలు సగం అర్థం కావు. సేతులు మాత్రం ఎంతసేపైనా సెప్తాయి. ఆపితే ఆగుతాయి, మళ్లీ సెప్పమంటే మళ్లీ సెప్తాయి. ఇసుక్కోవు" అన్నాది.

నేను సేతులు రెండూ కొంగులో దాసేసుకున్నాను. బస్సొచ్చింది. అది ఎక్కినాక గానీ సేతులు బయటికి తియ్యలేదు. సిగ్గో, భయమో, మరేటో.

ఇక పరీచ్ఛ సంగతి. ఎనిమిది మంది కొత్త పిల్లలు. నా సేతులు పోల్చుకుంటారని, వాళ్లొచ్చే రెండు రోజులూ సారు నన్ను ఆ బల్లల దగ్గరికి రానివ్వలేదు, వాళ్ల మొకాలు కూడా నాకు తెలీవు. శుక్రవారం శనివారం పనంతా కాలిపోయిన పాత డొల్లల మీదే సేయించీవోళ్లు. వాటికి కరెంటివ్వరు. మంచి తీగ, మంచి మోటారు పరీచ్ఛకే. అందుకని అప్పటిదాకా ఏ మోటారు ఎటు తిరుగుతాదో ఎవరూ సూడలేదు. పరీచ్ఛలో మూడు రోజులు సుట్టాల. నాలుగో రోజు బయటి నుంచి ఒక పెద్దసారొచ్చి కరెంటిచ్చి సూస్తాడు. బాడీ మీద ఎర్ర రంగుతో బాణం గుర్తుంటాది. అటేపే తిరగాల, పంపు నీళ్లు ఎత్తాల. ఇంకొకరు ముట్టుకోకూడదని రూలు. ఆఖరి ముడి కూడా పిల్లలే ఏసుకోవాల. నేను నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని గోడవార నిలబడ్డాను.

పెద్దసారు తల ముగ్గుబుట్ట. మోటారు దగ్గర సెవి పెట్టి ఇంటాడు. మొదటి మోటారుకి కరెంటిచ్చాడు. మెత్తగా ఝుమ్మన్నాది. మా సారు మొకం ఎలిగింది. పంపు గొట్టంలోంచి మాత్రం సన్నగా, మేక ఉచ్చలాగ నీళ్లొచ్చాయి.

"వెనక్కి తిరుగుతోంది" అన్నాడు పెద్దసారు.

రెండోది. ఎనక్కే. మూడోది. ఎనక్కే. పెద్దసారుకి లైను మీద అనుమానమొచ్చి సెంటర్లోని పాత మోటారు తగిలించాడు. అది సుట్టంగా తిరిగింది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. అన్నీ ఎనక్కే.

"ఏమయ్యా" అన్నాడు మా సారుతో. "ఒకడు చేస్తే పొరపాటు. అందరూ ఒకటే పొరపాటు చేస్తే దాన్నేమంటారు? కాపీ అంటారు. ఎవరిని చూసి కొట్టారు వీళ్లంతా?"

మేడమ్ తల దించుకుంది.

"అందరూ ఫెయిలే. ఈ ఫోను చదువులు చేతిపనికి పనికిరావని కూడా రాస్తాను" అని పెద్దసారు కాయితం తీశాడు. అప్పుడు గమనించాడు, మూల బల్ల దగ్గర ఎనిమిదో పిల్ల ఇంకా సుడతన్నాది. రోజూ బస్సు దిగి ఆలిస్యంగా వొచ్చేది, రెండు సుట్టలు మిగిలిపోయాయి. బస్టాండు పిల్లే. "సరే, అది కూడా అవనీ" అన్నాడు.

నేను ఆ పిల్ల పక్కకి ఎల్లి గ్లాసు అందించాను. గ్లాసు పట్టుకోబోయి అది నా సెయ్యి పట్టుకున్నాది. సిటికినేలు సూసింది. మచ్చ సూసింది. నా మొకం సూసింది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపాను. అదింకేమీ అనకుండా పనిలోకి తిరిగిపోయింది.

ఆఖరి సుట్ట గాడిలో పెట్టింది. ఎదురు పుల్ల తీసింది. టక్కు, టక్కు. దాని పెదాలు కదిలాయి. "కూకో."

ఆ మాట వీడియోలో లేదు. తీసినంతసేపూ నేను నోరు మూసుకునే ఉన్నాను, మాటలన్నీ సారువే కదా. ఆ రెండు దెబ్బలు ఇన్నోళ్లెవరికైనా నోట్లోంచి అదే మాట వొస్తాదో ఏటో, నాకు తెలీదు. అది మా ఆయన దెబ్బ. ఆయన్ని ఆ పిల్ల సూడలేదు, ఆయన పేరైనా తెలీదు. ఆ మనిషి పోయి అన్నేళ్లయినాది. ఇక్కడ మూల బల్ల మీద ఆయన సెయ్యి కొట్టుకుంటన్నాది!

ఆ పిల్ల మూడు తీగలూ బయటికి తీసింది. ఒకటి, రెండు, మూడు, వరసలో కట్టబోయింది. అది సూస్తన్న నా సేతులు పళ్లెం మీద కదిలిపోయాయి. కుడి సెయ్యి ఎడం పక్కకి, ఎడం సెయ్యి కుడి పక్కకి. గ్లాసులు గలగలమన్నాయి. అప్పుడు తెలిసింది నాకు. నా సెయ్యి సెప్తేనే తెలిసింది.

స్టోర్ కీపరు నా పక్కనే ఉన్నాడు. "నాది తప్పు. నేనే" అన్నాను. ఆయనకి అర్థమైపోనాది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అప్పా, నోరు ముయ్యి. నీ ఉజ్జోగం పోతాది, ఆ బాబు ఉజ్జోగమూ పోతాది. పిల్లలు మళ్లీ రాసుకుంటారు."

"ఏడుగురూ రాసుకుంటారు. ఇది ఎలగ రాసుకుంటాది? ఫోను పాఠం ఆపేస్తే దీనికి మరో దారి లేదు."

"ఒగ్గీ అప్పా, నా మాటిను."

"ఏట్లో పడితే నేను తియ్యను అన్నావు. నేను తీస్తాను. ఒగ్గు."

పళ్లెం దింపి ముందుకెల్లాను. "పెద్దబాబూ, ఆళ్లు కాపీ కొట్టింది నిజమే. నన్ను సూసి కొట్టారు. ఆ వీడియోలో సేతులు నాయి."

"మీరెవరు?"

"ఊడ్సేదాన్ని."

ఎవరో నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. మా సారు కేసి సూశాడు. మా సారు ఒక్క చ్ఛణం నేల సూసి, తలెత్తి, "నిజమేనండి. చివర కోసేసింది నేను. తప్పు నాది" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆ బాబంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఎదురుగా కూకుని నేర్సుకున్న సంగతి నాకు తెలిసినట్టు సెప్పాను. ఆఖర్న రెండు తీగలు మార్సాలని సెప్పబోతే పెద్దసారు సెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. మిగతాది మీరు చెప్పొద్దు." మూల బల్ల పిల్లని పిలిచాడు. "ఏమ్మా, విన్నావుగా. మిగతా ఏడూ వెనక్కి తిరిగాయి. నీదీ వెనక్కే తిరుగుతుంది. ఎందుకో చెప్పి, సరిచెయ్యి. పాఠంలో లేదు. నీ అంతట నువ్వే."

ఆ పిల్ల కాసేపు డొల్లకేసి సూసింది. తరవాత బల్ల సుట్టూ నడిసి అవతలి పక్కకి ఎల్లింది. వొంగి, డొల్లలోంచి మా పక్కకి సూసింది. దాని మొకం గుండ్రంగా కనపడింది. అరిసిలాగ.

నేను గోడ పట్టుకున్నాను.

"మన గోడ గడియారం అద్దందైతే, ఎనకాల నిలబడి సూసినోళ్లకి ముల్లు ఎదురు తిరిగినట్టుంటాది కదండీ" అన్నాది డొల్లలోంచే. "ఆయన ఈ పక్క కూకున్నాడు. అమ్మ ఆ పక్క కూకున్నాది. ఆయన సుట్టంగానే సుట్టాడు, అమ్మకి ఎదురు కనపడింది. అమ్మకి కనపడినట్టు మేం సుట్టాం. తీగ తప్పు కాదు. కూకున్న సోటు అలాంటిది."

"అయితే?"

ఇవతలికొచ్చింది. మూడు తీగలూ సేతిలో పట్టుకుని ఒకసారి కళ్లు మూసుకుంది. ఒకటోదీ మూడోదీ మార్సి ముడేసింది. నా సెయ్యి ఎలగ ఏస్తాదో అచ్చం అలగే.

కరెంటిచ్చారు. మోటారు ఝుమ్మని బాణం పక్కకి తిరిగింది. పంపులోంచి నీళ్లు దడదడా దూకి డ్రమ్ము దాటి పెద్దసారు బూట్ల మీద పడ్డాయి. ఆయన కాళ్లు ఎనక్కి తీసుకోలేదు.

నేను ఇరవయ్యేళ్లు ఆ తీగలు మార్సాను. ఎందుకు మార్సాలో మా ఆయన సెప్పిన మాట తప్ప నాకు తెలీదు. ఎన్నడూ లెగిసి అవతలి పక్కకి ఎల్లి సూసిందాన్ని కాదు. వారానికి సెంటర్లో రెండు రోజులు, ఇంటికాడ ఫోను ముందు ఐదు రోజులు గడిపిన పిల్ల, ఒక్కసారి బల్ల సుట్టూ నడిసి నా బతుకంతా సూసేసింది. గురువుకి తెలియంది సిష్యులికి తెలిసిపోయే రోజు సూడ్డం కంటే పెద్ద గురుదచ్చిన ఏటుంటాది?

పెద్దసారు ఆ పిల్లని పాస్ సేశాడు. మిగతా ఏడుగురినీ ఒక్కొక్కళ్లనే పిలిచి, తప్పేటో సెప్పించుకుని, సరిసేయించి, పాస్ సేశాడు. నాకూ మా సారుకీ వేరే బహుమతి దొరికింది. ఆయనకి మెమో. నన్ను కొన్ని నెలలు ఆ గది గుమ్మం దాటొద్దన్నారు. గుమ్మం దాకా ఊడిసి వొచ్చేసేదాన్ని. స్టోర్ కీపరు రోజూ, "ఏటప్పా, తీసావా ఏట్లోంచి? ఇప్పుడు నువ్వు మునిగావు" అనీవోడు. అంటూనే నా టీ నా సీపురు దగ్గరే పెట్టించీవోడు.

తరవాత పైనుంచి కాయితమొచ్చింది. ఫోను పాఠాలు ఆపక్కర్లేదు, ఆ పాఠం మాత్రం సరిసెయ్యమని. సారు, "నేనే పుస్తకంలో ఉన్నట్టు కుడి పక్కకి మళ్లీ తీస్తాను" అన్నాడు. పెద్దసారు వొద్దన్నాడంట. "ఉన్నది ఉన్నట్టుంచండి. చివర ముడి కలపండి. ఎందుకు మార్చాలో ఆవిడ నోటితోనే చెప్పించండి. మోటారు కట్టేవాడికి రెండు పక్కలా తెలియాలి" అన్నాడంట.

అందుకని మళ్లీ కూకున్నాను బల్ల ముందు. ఈసారి గొంతు కూడా నాదే. ఫోను ఎలిగేసరికి నాకు మాట రాలేదు. సారు, "ఎదురుగా మీ ఆయన ఉన్నాడనుకోమ్మా" అన్నాడు. డొల్లలోంచి సూశాను. అవతల తెల్ల గోడ. అయినా సెప్పాను: "ఒకటోదీ మూడోదీ మార్సండి. ఎందుకంటే నేను ఎదురుగా కూకుని నేర్సుకున్నాను."

ఇప్పుడు నేను రిటైరై ఇంటికాడ కూకున్నాను. కళ్లు మసక. ఆ కందిపుల్ల పిల్ల వాళ్లూరిలో మోటార్లు సుట్టే బల్లేసింది. మొన్న ఫోను సేసి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలకి నేర్పుతన్నానన్నాది. "ఎదురుగా కూకోబెడతన్నావా, పక్కనా?" అనడిగాను. "రెండు పక్కలా తిప్పుతాను" అన్నాది నవ్వుతా.

పిల్లలారా, ఫోనులో నేర్సుకోండి. తప్పు లేదు. కాకపోతే మీకు కనపడే సేతులు ఏ పక్కన కూకుని నేర్సుకున్నాయో ఒక్కసారి లెగిసి, బల్ల సుట్టూ తిరిగి సూడండి.

మా ఆయన పక్కన నాకు కూకోడానికి సోటు లేదని ఆ సందు కొట్టుని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆ ఇరుకు ఇప్పుడు ఎన్ని ఊళ్ల మోటార్లలో ఆఖరి ముడై ఉన్నాదో. ముక్కూ మొకం తెలీని పిల్లలు తీగలు మార్సి కడతంటారు, పైర్లకి నీళ్లు ఎల్తంటాయి. ఆ ముడి పడినప్పుడల్లా మేం ఇద్దరం బల్లకి అటూ ఇటూ కూకునే ఉన్నాం.